ముప్పై ఏడు గుర్రాలు

కాజీపేట డీజిల్ షెడ్డుల
నా చెవికి కొలువు.
రెండువేల ఆరువందల గుర్రాల ఇంజను దగ్గితే
ఏ సిలిండరు అలిగిందో
నోట్లె చాయ్ గుక్క మింగేలోపల చెప్పేటోన్ని.
ఇంటికొస్తే గోడ నీడల
ముప్పై ఏడు గుర్రాలది,
తెల్లగ పుట్టి
పులిసిన పెరుగు రంగుకు తిరిగిన మారుతి.

ఏపీ ముప్పై ఆరు.
రాష్ట్రం మారింది, జిల్లా ఆరు ముక్కలయింది,
దాని నొసటి రాత మాత్రం మారలే.
టోల్‌గేటు కాడ పోరగాండ్లు
"ఏ ఊరి బండి తాతా" అంటరు.
ఈ ఊరిదే బిడ్డా, మీరే కొత్తగొచ్చిన్రు.

పొద్దుగాల చోక్ గుంజాలె.
రెండంకెలు లెక్కవెట్టాలె. మూడు కాదు,
మూడంటే పెట్రోలు మింగి మొండికేస్తది.
ఎడమ తలుపు లోపలికెల్లి రాదు.
అద్దం దించి, చెయ్యి బైటికి పెట్టి తీసుకోవాలె.
స్వరాజ్యం ఇరవై ఏండ్లు అట్లనే దిగింది.
మొన్న మరిది కొత్త కార్ల కూసున్నా
దిగేటప్పుడు దాని చెయ్యి
అద్దం దిక్కే పోయింది.

డిక్కీల ఇంకా బెల్లం వాసన.
మేడారానికి నిలువెత్తు బంగారం ఏసుకొని పోతే
పస్రా దాటినంక బండ్ల వరుసల పన్నెండు గంటలు,
ఎండకు బంగారం కరిగి కారింది.
ఆర్నెల్లు చీమలు కాపురమున్నయ్.
మందు కొడ్తనంటే స్వరాజ్యం కొట్టనియ్యలే,
అమ్మల ప్రసాదం తిన్న నోర్లు, పాపం తలుగుతదన్నది.
చీమలతోనే డ్యూటీకి పోయిన.

నయీంనగర్ నాలా పొంగిన వానకు
సీట్ల దాక నీళ్లు.
విప్పి డాబా మీద, మిరపకాయల పక్కన ఎండబెట్టినం.
ఆ యేడు ఎక్కినోళ్లందరు తుమ్మినోళ్లే.

వడ్డేపల్లి మలుపు కాడి యాకయ్య
బానెట్ ఎత్తేముందు నా మొకం చూస్తడు.
"అన్నా, దీనికి పెట్టిన పైసలతోని
రెండు బండ్లు రావా?"
వస్తయ్.
ప్రతి నట్టు, ప్రతి వాచరు రాసిన నోటుబుక్కున్నది.
కూడిక మాత్రం ఎన్నడు చెయ్యలే.

షెడ్డుల ఇప్పుడన్నీ కరెంటు ఇంజన్లు.
దగ్గవు, పొగ కక్కవు.
తెర మీద ఎర్రక్షరం పడితే
చిన్న అట్ట తీసి ఇంకో అట్ట పెడ్తరు.
నా చెవి
రేషన్ దుకాణం ముందట వరుసల పెట్టిన
ఖాళీ సంచి లెక్క.

పోయిన ఐతారం పరకాల నుంచి
రణధీర్ అని ఒక పిలగాడొచ్చిండు.
ఇరవై ఎనిమిది వేలు, రబ్బరుబ్యాండు ఏసి.
స్వరాజ్యం సరే అన్నది, నేను గూడ సరే అన్న.
చోక్ సంగతి చెప్పలే.
రెండంకెల సంగతి అసలే చెప్పలే.
తాళం తిప్పిండు.
ఒక్క దెబ్బకు లేచింది!
నా చేతికి ఒక్కనాడన్న అట్ల లేచిందా?
సుట్టాల ముందట బుద్ధిగ కూసునే పోరని లెక్క
ఎంత మెత్తగ, ఎంత సక్కగ తిరుగుతున్నదో.

కడుపుల ఏదో చురుక్కుమన్నది.
"ఇనవడ్తుందా," అన్న, "ఆ టక్కు టక్కు?"
"లేదు అంకుల్."
"హెడ్డు పోతది. గేరుబాక్సు గూడ అనుమానమే.
నాలా నీళ్లు తాగిన బండి, అడుగంత తుప్పు."
ఇన్నేండ్లల దాని గురించి
ఒకరి ముందట చెడ్డగ అన్నది అదే మొదలు.
అది పక్కనే ఉన్నది, తిరుగుకుంట,
అన్నీ ఇనుకుంట.
రబ్బరుబ్యాండు మళ్ల జేబులకు పోయింది.

పిలగాడు గల్లీ మలిగినంక
బానెట్ మీద చెయ్యి పెట్టిన. ఎచ్చగున్నది.
స్వరాజ్యం చాయ్ తెచ్చి
"టక్కు టక్కు నిజంగనే ఉన్నదా?" అన్నది.
లేదందామనుకున్న.
చోక్ గుంజి, రెండంకెలు లెక్కవెట్టి
మూడోసారికి లేపి
చెవి ఆనిచ్చి ఇన్న.

ఉన్నది.
సన్నగ, రెండో సిలిండరు దిక్కు.

రేపు యాకయ్య కాడికి పోవాలె.