ఎర్ర బుగ్గ

గోడ మీద మూడు భాషలల్ల రాసి ఉన్నది
ఫొటోలు తీయరాదు అని.
ఉర్దూ అక్షరాల మీద ఎవరో పాన్ ఊసిండ్రు.
తెలుగుల ‘రాదు’ చెరిగిపోయింది,
‘ఫొటోలు తీయ’ వరకె మిగిలింది.
నాకు గంత చాలు.

జీతం చిట్టీ మీద నా కొలువు పేరు ఇంక గట్లనే ఉన్నది,
డార్క్ రూమ్ అసిస్టెంట్.
డార్క్ రూమ్ బందై పదకొండేండ్లు.
ఎక్స్‌రేలు ఇప్పుడు కంప్యూటర్ల పుడ్తున్నయి,
తడి లేకుంట, వాసన లేకుంట.
క్లిప్పులకు ఏలాడుకుంట ఆరే పక్కటెముకలు లేవు.
నన్ను రికార్డు గదికి పంపిండ్రు.
తాళంచెవి ఎవ్వరు అడగలే.
నేను ఇయ్యలే.

జుమ్మెరాత్ బజార్ల
తుప్పు పట్టిన నల్లాలకు, సైకిల్ చైనుకు నడుమ
దొరికింది ఈ కెమెరా.
నడుస్తదా అంటె
‘ఖుదా జానే’ అన్నడు, ఏడు నూర్లు లెక్కవెట్టుకుంట.
నడిచింది. జర కుంటుతది,
చలికాలం నా మోకాలు తీరు.

అన్నం సంచిల గిన్నె కింద దాని జాగ.
గేటు కాడ ఖాజా భాయ్ సంచిల చెయ్యి పెట్టడు.
‘క్యా పకాయే అండాలమ్మా?’
‘ఖట్టీ దాల్.’
పన్నెండేండ్ల సంది అదే సవాల్, అదే జవాబు.

మొఖాలు తియ్య. నా ఒట్టు అది.
ఐసీయూ ముందట ఇడిచిన చెప్పులు తీస్త,
ఒక్కో జత తీరు ఒక్కో తొందర.
తెల్లారగట్ల ఆటోలకెల్లి దిగే ఆక్సిజన్ సిలిండర్లు,
వాటి మెడల మీద చెమట.
లాండ్రీ మిద్దె మీద ఆరేసిన ఆకుపచ్చ గౌన్లు
గాలికి ఒకదాని మీద ఒకటి వంగుతుంటయి,
ఎవరినో ఆపరేషన్ చేస్తున్నట్టు.
మూసీ దిక్కు కిటికీల పావురం గూడు,
అండ్ల పుల్లలతోని పాటు
అరమూర సెలైన్ పైపు.

ఒక రాత్రి కాగితం ట్రేల ఏసి ఊపుతున్న.
తలుపు కింద ఎర్ర వెలుగు చూసిండు కావచ్చు,
సెక్యూరిటీ జంగయ్య సారు దబదబ కొట్టిండు.
‘ఆగుండ్రి. రెండు నిమిషాలు.
ఇప్పుడు తీస్తె కరాబైతది.’
ఆగిండు. ఎందుకు ఆగిండో నాకెర్కలేదు.
ఈ దవాఖానల తలుపు ముందట
ఆగుడు అందరికి అలవాటె.

లోపటికొచ్చి ట్రే మీద వంగిండు.
నీళ్లల్ల మెల్లగ తేలుతున్నయి
మెట్ల మీద చాపిన రెండు కాళ్లు,
పక్కకు ఇడిచిన బూట్లు,
ఎడమ మేజోడుకు చిరుగు, చిరుగులకెల్లి బొటనేలు.
మొన్న రాత్రి మూడు గంటలకు తీసిన.
మొఖం లేదు. నా ఒట్టు తప్పలే.

శానసేపు చూసిండు.
బొటనేలును బూటు లోపట కదిలిచ్చిండు,
నేను చూసిన.
‘జర చెప్తె కుట్టిచ్చుకుందును గద’ అని
ఎల్లిపోయిండు.
పొద్దున రిజిస్టర్ల రాసి ఉన్నది:
పాత ఎక్స్‌రే గది. వెలుతురు కనపడింది.
చూసిన. బుగ్గ పని చేస్తున్నది.

వారం తిరగకముందె రంగులాయన వచ్చిండు.
నిచ్చెన ఏసి, నాలిక బయటపెట్టి
మూడు భాషలు మళ్ల దిద్దిండు.
తెలుగుల ‘రాదు’ అన్నిటికన్న లావుగ వచ్చింది,
‘దు’ కొమ్ము నుంచి ఒక చుక్క కిందికి జారింది.

రీలుల ఒకటే మిగిలి ఉండె.
చుక్క నేల మీద పడకముందె
తీసిన.