గత వారం ఒక్క గంటైనా

పడవ అని అర్థం వచ్చే పేరు ఈ ఊరిది.
నది కనబడదు.
ఉన్నదాన్ని ఎప్పుడో గొట్టాల్లో పెట్టి పైన రోడ్డు పోశారు.
అంతకుముందు మిల్లులు రంగులన్నీ అందులోనే కడిగేవట,
ఒకరోజు ఎరుపు, ఒకరోజు నీలం.

వూచ్ నగరం, డిసెంబరు, మంచూ వానా కాని తడి.
నా మెడలో కార్డు, చేతిలో టాబ్లెట్.
నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు.
మెట్ల నిండా ఎవరో ఉడికిస్తున్న క్యాబేజీ.

శ్రామిక సర్వేలో మొదటి ప్రశ్న అందరికీ ఒకటే:
గత వారం డబ్బు కోసం
కనీసం ఒక్క గంటైనా పనిచేశారా?

బొగుమీవా క్రెంపా, అరవై మూడేళ్ళు,
నా కళ్ళలోకి కాదు, నోటివైపు చూసింది.
"మళ్ళీ అడుగు. అరవక్కర్లేదు,
పెదాలు కదిపితే చాలు."

పదమూడేళ్ళు మగ్గాల మధ్య నిలబడ్డ చెవులవి.
ఆ హోరులో ఆడవాళ్ళంతా పెదాలతోనే మాట్లాడుకునేవారట.
ఎవరికి నెల తప్పింది,
ఏ మేస్త్రీ పక్కన ఒంటరిగా నిలబడకూడదు,
అన్నీ ఈ గోడ నుంచి ఆ గోడకి
చప్పుడు లేకుండా చేరేవట.

"ఒక శుక్రవారం మిల్లు ఆగింది.
ఆ నిశ్శబ్దానికి
మేమంతా చెవులు మూసుకున్నాం."

చివరి జీతం తువ్వాళ్ళుగా ఇచ్చారు.

ఆ మిల్లు ఇప్పుడు అపార్టుమెంట్లు.
ఇటుకల్ని పళ్ళు తోమినట్టు తోమారు.
తన మగ్గం ఉన్నచోట ఎవరిదో స్నానాల గది,
కింద కాఫీ కొట్టు, అందులో మేనల్లుడు ఇగ్నాత్సీ,
పాల నురగ మీద ఆకు బొమ్మ వేస్తాడు.
"మంచి చెయ్యి. మా వంశం చెయ్యి," అంది
నవ్వుతూనో, కాకనో.

వెనక గదిలో అద్దెకుండే ఓస్తాప్
ఖార్కివ్‌లో పిల్లలకి భౌతికశాస్త్రం చెప్పేవాడు.
ఇక్కడ వాషింగ్ మెషీన్లకి తలుపులు బిగిస్తాడు.
అతనికి నా దగ్గర వేరే గడి ఉంది.

తనకి హైవే పక్క గోదాములో వారానికి రెండు రాత్రులు.
ఎటు వెళ్ళాలో చెవిలో ఒక గొంతు చెబుతుందట అందరికీ.
తను వినదు, తెర చదువుతుంది.
వేగంలో తన పేరే పైన.
"ఏకాగ్రత, అని మెచ్చుకున్నాడు సూపర్‌వైజరు.
చెవుడని చెప్పలేదు. చెబితే ఏం తిరకాసో."

*ఉపాధి ఉంది* అని నొక్కాను.
తెర పచ్చబడింది.

వచ్చే వసంతానికి ఊరు ఇంకా పెరుగుతుందని మా ఆఫీసు అంచనా,
అన్నాను, ఎందుకో ఆమెకి చెప్పాలనిపించి.
కిటికీ వైపు చూసింది. మూడు క్రేన్లు.
"పెరుగుతోంది. కళ్ళు బాగానే ఉన్నాయి నాకు.
తొంభై రెండులో ఈ వీధిలో
కుక్క మొరిగినా పనికి పిలుస్తున్నారేమో అనుకునేవాళ్ళం.
ఇప్పుడు అలా లేదు. ఎందుకు అబద్ధమాడాలి?
పడుగు బాగానే పోశారు.
పేక ఎన్ని పోగుల్తో నేస్తున్నారో
అది మీ యంత్రంలో ఉందా?"

లేదు.
తర్వాతి ప్రశ్న ఉంది:
ఇంకా ఎక్కువ గంటలు పనిచేయాలని ఉందా?

చాలాసేపు నా పెదాలు చూసింది,
ప్రశ్న అయిపోయాక కూడా.
"మోకాళ్ళనడుగుదాం. అద్దెనడుగుదాం.
ఇద్దరి జవాబూ ఒకటి కాదు, రాసుకో."
అవును, కాదు. రెండే గడులు.

"నీ ఉద్యోగం ఎప్పటిదాకా?"
ముప్పై ఒకటో తేదీ దాకా, అన్నాను,
గొంతు లేకుండా, పెదాలతో.
అర్థమైంది ఆమెకి. ఎంత తేలిగ్గా అర్థమైందో!

తలుపు దగ్గర ఆపి తువ్వాలు ఇచ్చింది,
జుట్టు తుడుచుకోమని.
అంచున మిల్లు పేరు, చిన్న పడవ.
ముప్పై ఏళ్ళ నూలు,
తడిని ఇంకా బాగానే తాగుతోంది.

కింద మెట్ల మీద బూట్ల చప్పుడు.
ఓస్తాప్ కాబోలు.
టాబ్లెట్ తుడిచి,
మొదటి ప్రశ్నకి వెనక్కి వెళ్ళాను.