పదివేల ఏడు

కొత్తవాడల జంపఖానా మగ్గం ముందు
ముప్పై ఒక్క పోగులు ఏరి నా చేతికిచ్చిండు ఓదెలు మామ.
ఒక్కో పోగు లేస్తదో, పండుకుంటదో.
ఎన్ని తీర్లు చెప్పు?

రెండింతలు, మళ్ల రెండింతలు.
నేను నోట్‌బుక్కుల, ఆయన బీడీ కట్ట అట్ట మీద.
ముప్పై ఒక్కసారి అయినంక
"ఒకటి కొట్టెయ్" అన్నడు.
ఏ పోగూ లేవకుంటె నాడె ఎటు పోతది?
అది నేత గాదు.

ఇగ మిగిలింది:
రెండు వందల పద్నాలుగు కోట్ల
డెబ్బై నాలుగు లక్షల
ఎనభై మూడు వేల
ఆరు వందల నలభై ఏడు.
చదివేసరికి చాయ చల్లారింది.

సంఘానికి నూలు రాని ఎండాకాలం.
గుంటల దింపిన కాళ్లు ఊకె ఉండలేక
దాన్ని ఇరగ్గొడ్తనని కూసున్నడు మామ.
నూలు రసీదుల ఎనుక వంకర భాగహారాలు.
మూడుకు ఒకటి మిగిలింది. ఏడుకూ ఒకటే.
పదకొండుకూ ఒకటే. పదమూడు కాడ పది.
ముప్పై ఒకటికి సుత ఒకటే మిగిలింది,
ఏ పోగుల నుంచి పుట్టిందో వాటికే లొంగలే.

నలభై ఆరు వేల మూడు వందల నలభై దాక పోతె చాలన్న.
ఆ అవతల భాగించేదుంటె
దాని జోడు ఇవతలే చిక్కి ఉండాలె.
"అంతేనా" అన్నడు,
పక్క వాడకు పొయ్యొస్తనన్నట్టు.

ఒకనాటి రాత్రి, కాజీపేట దిక్కు గూడ్సు కూత వేసినంక,
పదివేల ఏడు కాడ
శేషం సున్న.
"ఇరిగిందే!" అని కేకేసిండు.
అత్త నిద్రల ఉరికొచ్చి
పన్నె తడిమి చూసుకున్నది.

తెల్లారి నేను మళ్ల చేసిన.
నిద్రమత్తుల ఎక్కడనో అప్పు దెచ్చి మరిచిండు,
ఇంకెక్కడనో అంకె జారింది.
పద్నాలుగు వందల అరవై ఒకటి మిగిలింది.
మామ చాలాసేపు ఏం మాట్లాడలే.
ఎవలో బతికున్నరని కబురొచ్చినట్టు
తర్వాత మెల్లగ నవ్విండు.

హన్మకొండల ఎమ్మెస్సీ చదివినప్పుడు తెల్సింది:
దీన్ని కోసే కత్తి ఏదన్న ఉంటె
అరవై రెండు ఎక్కాల మీద ఒకటి ఎక్కువ ఉండాలె.
వేరేటివి ముట్టుకునే పనే లేదు.
చెప్పాల్నా వద్దా అని రెండు దసరాలు ఆగిన.
చెప్పిన.

రసీదుల కట్ట ఇప్పిండు.
"పదివేల ఏడు అండ్ల ఉన్నదా?"
లేదు మామా.
"అయితె దాన్ని ఉత్తగనే పలకరించిన్నన్నట్టు."
కట్ట మళ్ల కట్టలే. పెన్సిలు నాలికకు అద్దిండు.
"పదివేల తొమ్మిదో?"
అదీ లేదు.
"దాని తోడబుట్టిందే గద. ఒకరింటికి పోయి
ఇంకొకరింటికి పోకుంటె ఏమనుకుంటరు?"

రెండు వేల ఆరు వందల యాభై రెండు మిగిలిందని
పొద్దుగూకినంక ఫోను చేసిండు.