చేపు

పెట్టెలో ఉన్నన్నాళ్లూ
మా గుంటకి పేరు లేదు.
కాలి పట్టీ మీద నా పేరే రాశారు
ఒడియాలో, తప్పుగా.
దాని కింద, కిలో మూడువందల నలభై.

బరంపురం పెద్దాసుపత్రి. ఇరవయ్యారు రోజులు.
మూడు గంటలకోసారి మినతి సిస్టరు తలుపు తీసి
"ఖీర ఆసిలా?" అనేది.
మొదటిరోజు పాయసం అనుకుని
ఎవరు వండారా అని వెనక్కి చూశాను.
ఆవిడ నా రవిక వైపు వేలు చూపించాక
సిగ్గూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి,
పాలు రాలేదు.

పక్క మంచంలో సవరామె,
సెరంగో కొండల మీంచి దిగొచ్చినామె.
నా మాట ఆమెకి రాదు, ఆమెది నాకు రాదు.
పేరడిగితే నవ్వింది.
నా చేతి మీద తన చెయ్యి వేసి
ఎక్కడ నొక్కాలో, ఎప్పుడు వదలాలో
పచ్చిపుండుని తాకినంత మెల్లగా చూపించింది.
గిన్నె అడుగున పసుపుపచ్చగా
ఆవగింజంత ముర్రుపాలు.
దాన్నీ సిరంజిలోకి లాగి
గిన్నెకంటిన తడిని మళ్లీ గీకి
పట్టుకెళ్లింది మినతి సిస్టరు.

ఆ తర్వాత నేను పిండింది గడియారానికే.
గొట్టంలోంచి నా పాలు లోపలికెళ్లేవి,
నేను గుమ్మం దగ్గర ఆగిపోయేదాన్ని.

పర్లాకిమిడి దాకా బస్సులో నాలుగు గంటలు
ఒంటికి ఒళ్లు ఆనేట్టు చీరతో కట్టుకుని కూచున్నాను.
కండక్టరుకి పిల్ల కనబడలేదు.

ఇంట్లో మొదలైంది అసలు తగువు.
ఉగ్గుగిన్నె మరిగిన నోరు
చన్ను తగిలితే చాలు
విల్లులా వెనక్కి విరుచుకునేది.
ఎవరెత్తుకున్నా ఊరుకునేది,
నా దగ్గర తప్ప.

"పాలు నేవే నీకు, డబ్బా తెప్పించు" అంది దాలమ్మత్త.
వెళ్తూ వెళ్తూ
ఎండు సొరముక్కా, గుప్పెడు వెల్లుల్లీ
గూట్లో పెట్టి వెళ్లింది.
నమ్మకం లేని మనిషి మందెందుకు పెట్టినట్టు?

గున్నేశు కొమ్ముతో కొంగల్ని చెక్కుతాడు.
గోళ్ల సందుల్లో ఎప్పుడూ ఆ పొడి.
మోచేతుల దాకా మూడుసార్లు కడుక్కుని
అప్పుడు కూడా పిల్లని ముట్టుకోడు.
దూరంగా కూచుని
"వేడెక్కందే కొమ్ము వంగదు,
తొందరపడితే చిట్లిపోతుంది" అన్నాడు
గోడతో చెప్పినట్టు.
నాకు ఒళ్లుమండింది.
నేను కొమ్ముని కాను, అదీ కాదు.

నలభై ఒకటో రాత్రి కరెంటు పోయింది.
ఇక పెట్టదలుచుకోలేదు నేను.
గుండెల మీద బోర్లా వేసుకుని
విసనకర్ర ఊపుతున్నాను, అంతే.
గుంట తుమ్మింది.
"చిరంజీవ" అన్నాను.

నర్సులతో కాదు, డాక్టరుతో కాదు,
దానితో నేనన్న మొదటిమాట అదేనేమో.
రెండు పక్కలా చురుక్కుమని
చేపు.
నడుము దాకా తడి.
ఆ తడిలో అది తలాడిస్తూ, ముక్కుతో వెతుక్కుంటూ
పక్కకి జారి
ఇంతంత నోరు తెరిచి
పట్టుకుంది.

నొప్పి. కదల్లేదు నేను.
చాలాసేపు ఏమీ లేదు.
గుటక.
మళ్లీ ఏమీ లేదు.
గుటక, గుటక.

పదకొండు దాకా విన్నానన్నాడు గున్నేశు తెల్లారాక.
నిద్రపోయాడనుకున్నాను.

అయిపోలేదింకా.
ఎడమవైపే పడుతుంది, కుడివైపు తిప్పితే తగువే.
రాత్రి రెండింటికి ఉగ్గుగిన్నె కావాల్సిందే.
నిన్న ఝునూ దీదీ వచ్చి
కొక్కేనికి జోలె వేలాడదీసి తూచింది,
రెండు కిలోలకి నలభై గ్రాములు తక్కువ.
జోలెలో ఒకటే ఏడుపు, ఒళ్లో వేసుకున్నాను.
ఆవిడ పుస్తకం తెరిచి, పెన్ను విదిలించి
"పేరేం రాయను?" అంది.
గున్నేశు నా వైపు చూశాడు.

తాగుతోంది,
కాసేపు ఉండమన్నాను.