గాలి కోతలు

నలభై అడుగుల పొడుగు, ఇరవై అడుగుల ఎత్తు.
తెల్లారి నాలుగింటికి ట్రాలీ ఆటోల
చాపలెక్క సుట్టుకొని వస్తది కొండ.
నేనూ మొగులయ్యా భుజాల మీద మోస్తం.
పేరుకు మంచుకొండే గని
ముక్కుకు కొత్త చెప్పుల దుకాణం వాసన.

ఖాజాగూడ మలుపుల ఇనుప స్తంభాలు పాతి మూడేండ్లాయె.
వాటెనుక ఒక గుట్ట ఉండె.
ఉండె అంటున్న గని, ఉన్నది. ఏడికి పోతది?
మూడు రాళ్లు, ఒకదాని మీదొకటి.
అడుగుది ఏనుగంత, నడుమది కుదురు,
మీదిది చిన్నగ, జరంత పక్కకొరిగి.
బోనమెత్తినమ్మ అనేటోళ్లు మా అమ్మోళ్లు.
కంకర కొట్టే రోజులల్ల
ఆమె నీడ ఏడిదాక వచ్చిందో చూసి
సద్ది మూటలు ఇప్పేటోళ్లంట.
ఆషాఢంల ఎవరో వచ్చి ఇంత పసుపు రాసి పోయేటోళ్లు.
ఎవరో, ఎన్నడూ తెల్వలే.

ముందుగాల ఒక పెయింటరొచ్చిండు.
అడుగు రాయి మీద 'బోర్లు వేయబడును' అని రాసి
ఫోన్ నంబర్ల ఒక అంకె మర్సిండు.
ఆయనకు ఎవ్వరూ ఫోన్ చేసి ఉండరు.
వానలకు సగం పోయింది, పసుపు పోయినట్టే.
తర్వాత స్తంభాలొచ్చినయి. తర్వాత మేమొచ్చినం.

నేను మంచోన్నని చెప్తలేను.
గుట్ట ముఖం మీద బట్ట కప్పింది ఈ చేతులే.
రింగు రింగుకూ తాడు, తాడు తాడుకూ ముడి,
రోజుకు ఏడొందలు, రెండు చాయ్‌లు.

ఇయ్యాల్టి బొమ్మల నీలం చెరువు, తెల్ల సోఫా,
సోఫా మీద నవ్వే ఇద్దరు, ఆల్లెనుక మంచు.
పెద్దక్షరాలు షకీల్ భాయ్ చదివి చెప్పిండు:
'కిటికీ తెరిస్తే కొండ.'
మొగులయ్య తాడు పట్టుకొనే నవ్విండు,
స్తంభం ఊగేదాంక.
"మరి మనం మూసేటిదేంది భాయ్?"
షకీల్ భాయ్ ఫోన్ చూసుకుంటున్నడు.
రెండు నెలల బిల్లు రాలే ఆయనకు.

కట్టుడు అయినంక కోసుడు.
కోయకుంటే ఫ్లెక్సీ తెరచాపైతది,
ఆనాకాలం గాలికి స్తంభాలను వంచి
రోడ్డు మీద పండవెడ్తది.
అందుకే బ్లేడు తోటి నెలవంకల లెక్క కోస్తం.
అక్షరాలు రాసినోళ్ల కోతలు వేరు, మా కోతలు వేరు.
కోసిన కాడల్లా గాలి నాలిక బయట పెడ్తది.
సందుల కన్ను పెట్టి చూస్తే
అవతల తెల్లారుతున్నది.
నడుమ రాయి ఎర్రవడుతున్నది.
తొండ ఒకటి దాని మీద దండీలు తీస్తున్నది.
ఇవతల కింద, సిగ్నల్ కాడ ఆగిన కార్లన్నీ
మంచు దిక్కు చూస్తున్నయి.

పాతయి దించితే మాకే.
నిరుడు దించింది గూడ కొండే, వేరే కంపెనీది.
ఇప్పుడది నా ఇంటి కప్పు.
తెలుపు పైకి, బొమ్మ లోపటికి.
రాత్రి లాస్య ఎల్లెలుకల పండుకొని చూస్తది,
తలకిందులు కొండ, తోకలేని గుర్రం.
వాన పడితే నేను కోసిన కోతలకెళ్లే కారుతది.
గిన్నెలు పెడ్తం.
"నాయినా, మంచు కరుగుతున్నదా?" అంటది.
మొన్న అడిగింది,
నాయనమ్మ చెప్పే బోనం రాయి ఏడున్నదని.
నిద్ర మబ్బుల
దీనెనకనే బిడ్డా, అన్న.
అది లేసి, తలుపు తీస్కొని, బయటికి పోయి
ఇంటెనుక చూసొచ్చింది.
ఏమీ అనలే. దుప్పటి కప్పుకున్నది.

లెక్క ప్రకారం పన్నెండు కోతలు.
ఇయ్యాల ఇంకోటి కోసిన,
సోఫా మీది ఆడామె పాపిట పైన, జర పెద్దగనే.
దిగొచ్చి సిగ్నల్ కాడ నిలవడి చూసిన.
గాలి రాంగనే ఆ ముక్క లేసింది.
ఆమె నెత్తి మీద
పక్కకొరిగిన చిన్న రాయి.
గాలి పోంగనే ఉత్త మంచు.
మల్ల గాలి. మల్ల బోనం.
షకీల్ భాయ్ ఫోన్ జేబుల పెట్టి
మస్తు సేపు మీదికి చూసిండు.
"ఈడ గాలి ఎక్కువున్నదా?"
"ఉన్నది భాయ్."