రబ్బరు చక్రం

అయ్యా, నా పేరు సవేరియో.
ఈ రేవులో ఇరవై రెండేళ్ళుగా మెకానిక్కుని.
ప్రమాణం అయింది కదా, కూర్చుని చెప్పొచ్చా?
ఆ రాత్రి నుంచి మోకాళ్ళు నా మాట వినడం లేదు.

మీ బల్ల మీదున్నదే ఆ వస్తువు.
అరచేతిలో పట్టేంత రబ్బరు చక్రం, ఆరు రెక్కలు.
సముద్రపు నీళ్ళు తోడి
ఇంజన్ ఒంటివేడి దించుతుంది.
మూడు రెక్కలు తెగిపోయాయి, వేలు పెట్టి చూడండి.
ఖరీదు ముప్పై ఒక్క యూరోలు.

కొత్తది పంపమని సెప్టెంబరులో రాశాను.
అక్టోబరులో రాశాను.
నవంబరులో జవాబొచ్చింది:
ఆ ఫారం రద్దయింది, కొత్త ఫారంలో రాయమని.
రాశాను.
డిసెంబరులో నా జేబులోంచి కొంటానన్నాను.
అనుమతి లేని విడిభాగం బిగిస్తే
పడవకి బీమా పోతుందన్నారు.
పడవకి బీమా ఉందని
అప్పుడే తెలిసింది నాకు.

జనవరి. ఈశాన్యం నుంచి గాలి,
మేం గ్రెకాలే అంటాం,
నిద్రపోయే కుక్కల్ని లేపి మరీ మొరిగిస్తుంది.
రెండూ పదికి రేడియోలో ఇమ్మకొలాతా గొంతు:
చెక్క పడవ, నాలుగు మైళ్ళు, లోపల నీళ్ళు, పిల్లలు.
పెద్ద ఓడని పంపమంటే
ఇది కాపాడే పనా, సరిహద్దు కాసే పనా
ముందు తేల్చాలన్నారట రాజధానిలో.
వాళ్ళు అక్కడ తేలుస్తూ ఉన్నారు.
వీళ్ళు ఇక్కడ మునుగుతూ ఉన్నారు.

మా పడవ నేను తీశాను.
ఎవరినీ అడగలేదు. తప్పే, రాసుకోండి.
పంతొమ్మిది నిమిషాలు నడిచింది.
ముల్లు ఎరుపులోకి పోయింది, పొగ,
ఇంక లేదు.

ఇంజన్ ఆగాక
సముద్రం మీద ఎంత దూరం వినపడుతుందో
మీకు తెలీదు, తెలియకుండానే ఉండండి.
వాళ్ళ భాష నాకు రాదు.
కానీ బిడ్డని పేరు పెట్టి పిలవడం
వేరే భాషలా అనిపించదు.
మొర్తజా, మొర్తజా అని ఒక ఆడగొంతు.
చాలాసేపు.
తర్వాత గాలి ఒక్కటే.

ప్రమాదం అంటున్నారు మీ కాగితంలో.
సెప్టెంబరులో మొదలైనదాన్ని
ప్రమాదం అంటారా అయ్యా?

తెల్లారాక బడి ఆటగదిలో
మా ఊరి వాళ్ళ దుప్పట్లు కప్పుకుని ఉన్నారు మిగిలినవాళ్ళు.
అందులో ఒకామె, గుల్‌చెహ్రా,
దుబాసీ చేత నన్నొక్కటే అడిగించింది:
దీపం కనపడింది,
మా వైపే వస్తోందని పిల్లాడికి చూపించాను.
ఎందుకు ఆగింది?

నిన్న ఇదే కుర్చీలో పెద్దలు కూర్చుని
నీళ్ళు నమిలి వెళ్ళారు.
ఉప్పగా ఉన్నాయా అని
వెనక బెంచీ నుంచి అడగబోయి ఊరుకున్నాను.
తలా పాపం తిలా పిడికెడు అంటారు,
పంచగా పంచగా
ఎవరి పిడికిట్లోనూ ఒక్క గింజ మిగల్లేదు.
నా వాటా నాకుంది, కాదనను.
డిసెంబరులోనే ఆ ముప్పై ఒక్కటీ ఖర్చు పెట్టి
నోరు మూసుకుని బిగించాల్సింది.

పద్దెనిమిదో రోజున పార్సిల్ వచ్చింది.
అత్యవసరం అని ఎర్రముద్ర,
మూడుచోట్ల సంతకం.
ఒకటి అడిగితే రెండు పంపారు.

ఒకటి బిగించాను. పడవ బాగా నడుస్తోంది.
రెండోది ఏమైందని మీ గుమాస్తా
పొద్దుటి నుంచి అడుగుతున్నాడు,
లెక్కలో తేడా వస్తోందట.

ఆమె దగ్గరుంది.
మూడో వరుసలో, గోడ పక్కన,
అదిగో, చేతిలోనే పట్టుకుని కూర్చుంది.
ఎందుకు ఆగిందో చెప్పడానికి
నాకు ఇంకే మాటా దొరకలేదు.
వెనక్కి కావాలంటే
మీరే వెళ్ళి అడగండి.