పదమూడో మనిసి

ప్రశ్న నాదే.
"పన్నెండుమంది కలిసి ఒక తెప్పని తోస్తున్నారు.
అది కదల్లేదు. దాని మీద ఫలిత బలం ఎంత?"
రెండు మార్కులు.

టెక్కలి నుంచి బస్సులో భావనపాడు బడికి వెళ్ళేవాణ్ణి.
నౌపడలో రైలుగేటు పడితే
ఒళ్ళో పెట్టుకుని జవాబులు దిద్దేవాణ్ణి,
కిటికీ అవతల ఉప్పుమళ్ళు, ఇవతల ఎర్ర పెన్ను.
సున్నా. సున్నా. సున్నా.
ముప్పై ఒక్కమందీ రైటే రాశారు.
ముప్పై రెండోది మైలపల్లి పోలేశ్వరిది:

"సున్నా కాదు మాస్టారూ.
పదమూడో మనిసి రావాల."

'మనిసి' కింద గీత గీసి పక్కన 'మనిషి' అని రాశాను.
మార్కు వెయ్యలేదు.
నా ప్రశ్నలో పదమూడోవాడు లేడు.

మా ల్యాబు అంటే ఒక బీరువా.
అందులో ఒక స్ప్రింగు త్రాసు.
దాని స్ప్రింగు ఎప్పుడో సాగిపోయింది,
కొక్కేనికి ఏమీ తగిలించకపోయినా
నలభై గ్రాములు చూపిస్తుంది.
ఆ నలభై తీసేసి రాసుకోండర్రా అంటాను.
రాసుకుంటారు.
అయ్యలతో వీరావల్ వెళ్ళిపోయిన పిల్లల పేర్లు
హాజరుపట్టీలో నేను తీసేసినట్టే.

కార్తీకంలో ఒకరోజు వాన కురిసి
సాయంత్రం బస్సు రాలేదు.
బడి వరండాలో బల్లలు రెండు కలిపి పడుకున్నాను.
తెల్లవారుజామున మాటలు వినిపిస్తే
ఇసకలోకి నడిచాను. నడక అంటే
కాలు నేలని వెనక్కి నెట్టడం, నేల మనని ముందుకి నెట్టడం,
పన్నెండేళ్ళుగా చెబుతున్నాను.
తడి ఇసక అలా నెట్టదు. ముందు మింగుతుంది,
తర్వాత ఆలోచిస్తుంది.

తెప్ప రాత్రంతా వానలో కూర్చుంది.
కింద వేసిన సరుగుడు దుంగలు సగం దిగబడిపోయాయి.
భుజాలు ఆనించి తోస్తున్నారు.
లెక్కపెట్టాను, అలవాటు కొద్దీ.
సరిగ్గా పన్నెండు కాదు, పదకొండు.
పన్నెండోది పోలేశ్వరి,
అన్నం టిఫినుడబ్బా ఇసకలో పెట్టి
చివర్న ఒక చెయ్యి వేసి ఉంది.

"సూస్తన్నారేటి మాస్టారూ," అన్నాడు సూరాడ దానయ్య,
"సెయ్యెయ్యండి!"

చెప్పులు విప్పాను. ఎందుకో తెలీదు,
గుడిలోకి వెళ్ళేటప్పుడు విప్పినట్టు.
చెక్కకి అరచేతులు ఆనించాను.
నేను ఎంత తోస్తే అది అంతే వెనక్కి తోసింది,
ఒక్క న్యూటన్ ఎక్కువ కాదు, తక్కువ కాదు.
పుస్తకం అబద్ధం చెప్పలేదు.
కానీ పుస్తకంలో బాణం గుర్తుకి మెడనరం ఉబ్బదు,
దంతాల మధ్య ఇసక కరకరలాడదు,
పక్కవాడి ఊపిరి చుట్టవాసన కొట్టదు.
కదలని తెప్ప మీద సున్నా అని రాస్తాం కదా,
ఆ సున్నా లోపల
పదమూడుమంది వణుకుతున్నారు.

ఎవడో "ఒక్కపాలి" అన్నాడు.

ముందు శబ్దం వచ్చింది. దుంగ కింద
ఇసక పట్టు వదిలే శబ్దం, చిన్నది,
నిద్రలో పిల్ల పళ్ళు కొరికినట్టు.
ఆ పైన ఏముంది, పరుగే.
ఆగి ఉన్నదాన్ని కదపడం కష్టం,
కదిలినదాన్ని కదిలించడం తేలిక,
ఇదీ నేను చెప్పిన పాఠమే. తెప్ప తేలికైపోయింది,
నా ఒళ్ళు మాత్రం ఇంకా బరువు తోస్తూనే ఉంది.
మోకాళ్ళ లోతు నీళ్ళలో బోర్లా పడ్డాను.
జడత్వం అని అరవలేదు. ఉప్పునీళ్ళు మింగాను.
వాళ్ళు నవ్వారు. పోలేశ్వరి నవ్వలేదు,
నా కళ్ళజోడు వెతికి తెచ్చి ఇచ్చింది.

ఆ సోమవారం హెడ్మాస్టారి ముందు
మార్కుల రిజిస్టరు తెరిచి దిద్దుబాటు అడిగాను.
"జవాబు తప్పే కదండీ," అన్నారాయన.
తప్పే అన్నాను.
"మరి?"
ఏం చెప్పాలో తెలీక అరచేతులు చూపించాను.
ఆయన చాలాసేపు చూసి, సిలబస్‌లో లేదు గానీ
అర మార్కు వేసుకోండి అన్నారు.

పోలేశ్వరి పత్రం తీసుకుని
కొట్టేసిన సున్నానీ, పక్కన కొత్తగా పడ్డ అరనీ
మార్చి మార్చి చూసింది.

"అర మార్కేటి మాస్టారూ?
ఆ పొద్దు మీరు సగం సెయ్యే యేసినారేటి?"